పది ఆల్బమ్‌లకు స్థానాలిచ్చిన యువ రచయితకు

టి.నగర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. రాక్, బ్లూస్, జాజ్ ఆల్బమ్‌లు పదింటిని ఎంచి, వాటికి ఒకటి నుంచి పది దాకా స్థానాలిచ్చి, ప్రతిదాని పక్కన ‘అద్భుతం’ అనో ‘అజరామరం’ అనో రాశావు. నీ ఇష్టం నిజమైనదే, అది నీ వాక్యాల ఉరవడిలోనే తెలుస్తోంది. అయితే చివరిదాకా చదివినా, ఆ రికార్డుల్లో నువ్వు ఏం విన్నావో నాకు తెలియలేదు. మెచ్చుకోలు రాసేముందు, అది ఏ క్షణంలో, ఏ వాద్యం దగ్గర నీలో పుట్టిందో రాయి.

నువ్వు మొదటి స్థానమిచ్చిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’నే తీసుకుందాం. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్కులో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌ను నువ్వు ‘ప్రశాంతమైన సంగీతం’ అన్న ఒక్క మాటతో వదిలేశావు. అందులో మొదటిదైన ‘సో వాట్’లో, సుమారు ఒకటిన్నర నిమిషం గడిచి ట్రంపెట్ తన మనోధర్మం మొదలుపెట్టే చోట, డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) మీద వేసిన దెబ్బ ఒకటుంది. ఆ మోత గదంతా పరుచుకుని మెల్లగా కరిగిపోతుండగా ట్రంపెట్ దాని మీదుగా నడిచి వెళ్తుంది. ఇక ఆ రచన కట్టుబడి చూడు: పదహారు బార్లు (బార్ అంటే మన తాళావర్తనం లాంటి కొలత) ఒకే స్వరశ్రేణిలో సాగి, తరువాతి ఎనిమిది బార్లకు అదే శ్రేణి అర మెట్టు పైకి జరిగి, చివరి ఎనిమిదింటికి మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. కచేరీ మధ్యలో శ్రుతినే అర మెట్టు పెంచితే మైలాపూరు సభలో కూర్చున్నవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించి చెబితే, తెలుగు పాఠకుడు ఆ మలుపును వినకముందే పట్టుకోగలడు.

ఈ ఆల్బమ్ విషయంలో నాకొక అనుభవం ఉంది. పాతికేళ్ల వయసులో పాత ఎల్పీ ఒకటి సంపాదించి, హార్మోనియం పక్కన పెట్టుకుని స్వరాలు పట్టుకోబోతే మొదటి వైపు ఎంతకీ శ్రుతి కలిసేది కాదు. నా చెవినే అనుమానించి ఆ ప్రయత్నం మానుకున్నాను. మార్చి 2న వాడిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల, ఆ టేపును మామూలు వేగంతో తిప్పినప్పుడు ఆ వైపున్న మూడు రచనలూ రికార్డులో ఒకింత హెచ్చు శ్రుతిలో పలికాయనీ, 1992 నాటి పునర్ముద్రణలో దాన్ని సరిదిద్దారనీ చాలా ఏళ్లకు తెలిసింది. అందుకే చెబుతున్నాను, నీ చెవికి తేడాగా తగిలినదాన్ని దాచకుండా రాసెయ్యి.

బ్లూస్ గురించి ‘అన్నీ పన్నెండు బార్లే’ అని రాశావు. 1936 నవంబరులో రాబర్ట్ జాన్సన్ ఒంటరిగా గిటారుతో పాడిన ‘క్రాస్ రోడ్ బ్లూస్’ను వేళ్లమీద లెక్కపెడుతూ విను, ఆ పన్నెండు కుదరవు. మన పౌరాణిక నాటకంలో పద్యం పాడే నటుడు భావాన్నిబట్టి రాగం సాగదీస్తే హార్మోనిస్టు ఆగి కనిపెట్టుకుని ఉంటాడే, అలా జాన్సన్ తన గొంతు కోసం తన గిటారునే ఆపుతాడు. 1968లో క్రీమ్ అనే రాక్ బృందం అదే పాటను ముగ్గురు కలిసి వాయించేందుకు వీలుగా సరిగ్గా పన్నెండు బార్లలో బిగించింది. క్రీమ్ వేగం నాకూ ఇష్టమే కానీ, నన్ను కుదిపేది మాత్రం జాన్సన్ లెక్క తప్పే చోటే. రాక్ బృందం లెడ్ జెపెలిన్ రెండో ఆల్బమ్‌ను పొగిడేటప్పుడు బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ పేరు వదలకు. అందులోని ‘హోల్ లాటా లవ్’ పాట విషయంలో ఆయన 1985లో కోర్టుకెక్కితేగాని రచయితగా గుర్తింపు దక్కలేదు.

‘ఎ లవ్ సుప్రీమ్’కు నువ్వు ఏడో స్థానమిచ్చావు, అది నాకు బాధ కలిగించింది. 1964 డిసెంబరు 9న రికార్డయిన ఆ ఆల్బమ్ చివరి భాగంలో జాన్ కోల్ట్రేన్, కవరు లోపల అచ్చువేసిన తన ప్రార్థనాగీతాన్నే అక్షరమక్షరం శాక్సొఫోన్ మీద పలికించాడు. కద్రి గోపాల్‌నాథ్ శాక్సొఫోన్‌లో కృతులు విన్న ఊరు మనది. సాహిత్యం తెలిసిన శ్రోత వాద్యంలో మాటలు వినడం మనకు కొత్తకాదు. ఆ గీతాన్ని ముందు పెట్టుకుని వేలితో పంక్తి వెంట పంక్తి చూపుకుంటూ విను.

ఈ ఆదివారం ఉదయం పాండీబజారులో రద్దీ మొదలవకముందే మా ఇంటికి రా. నీ జాబితాను ఇంట్లోనే వదిలి, ఒక నోటుపుస్తకం తెచ్చుకో. ఆ చివరి భాగం ఏడు నిమిషాలే. మూడుసార్లు విందాం, ఆ తరువాత నువ్వు రాసింది చదువుతాను.

నీ శ్రేయోభిలాషి