ఫోన్ పక్కన లేకపోతే గుండె దడ

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. కళ్ళు తెరవగానే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఆదివారాలు స్విచ్ఛాఫ్ చేద్దామని చాలాసార్లు అనుకున్నా, గంట కూడా ఉండలేకపోతున్నాను. రెండేళ్ళ క్రితం నాన్నగారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. తమ్ముడే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వాడి కాల్స్ తెల్లవారాక చూశాను. ఆయన కోలుకున్నారు గానీ, అప్పట్నుంచీ ఫోన్ పక్కన లేకపోతే దడ. మొన్న మా అమ్మాయి ఏదో చెబుతూ మధ్యలో ఆపేసి, 'నువ్వు చూడటం అయ్యాక చెప్తాలే అమ్మా' అంది. తర్వాత అడిగితే ఏం లేదంది. ఏం చేయను?
– ఒక సోదరి

జవాబు: నాన్నగారి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకెళ్ళిపోయారు గానీ, నేను అక్కడే ఆగిపోయానమ్మా. ఆ రాత్రి మీరు నిద్రపోవడం తప్పు కాదు. ఈ మాట ఇప్పటిదాకా మీకెవరైనా చెప్పారో లేదో. కుదిరితే నాన్నగారితోనే మాట్లాడండి. ఇన్నాళ్ళూ మీరు ఇది మోస్తున్నారని ఆయనకు తెలిసి ఉండదు.

ఆ భయం ఉన్నంతకాలం స్విచ్ఛాఫ్ మీ వల్ల కాదు, చేయకండి కూడా. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి నాన్నగారు, తమ్ముడు, మీ వారి నంబర్లను మినహాయించండి. వాళ్ళ కాల్స్ మోగుతాయి. చాలా ఫోన్లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది: ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే, అది ఎవరిదైనా సరే, మోగుతుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. తర్వాత తమ్ముడి చేత ఒకసారి కాల్ చేయించి, మోగడం మీ చెవులతో వినండి. ఎంత నచ్చజెప్పుకున్నా కుదుటపడని మనసు ఆ రింగు వింటే కొంత కుదుటపడుతుంది.

ఇక మిగతావాళ్ళు. చెప్పకుండా మాయమైపోకండి. ఎప్పుడు మెసేజ్ పెట్టినా నిమిషంలో పలుకుతారని అందరూ అలవాటు పడిపోయి ఉంటారు. హఠాత్తుగా ఆపేస్తే ఆఫీసులో కంగారు, చుట్టాల్లో అలకలు మొదలవుతాయి. అవి భరించలేక మళ్ళీ మీరే ఫోన్ అందుకుంటారు. 'సాయంత్రం 7 నుంచి 9 దాకా మెసేజ్‌లు చూడను, అర్జెంటైతే వెంటవెంటనే రెండుసార్లు కాల్ చేయండి' అని ముందే చెప్పేయండి. సంజాయిషీలు వద్దు. చూసి కూడా పలకలేదన్న గొడవలు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. వాట్సాప్‌లో 2014లో వచ్చిన నీలం టిక్కులతో ఇవి బాగా పెరిగాయి. సెట్టింగ్స్‌లో వాటిని ఆపేయొచ్చు. గ్రూపుల్లో కుదరదు కాబట్టి వాటిని మ్యూట్ చేయండి. పై అధికారిని అడగడానికి మొహమాటపడకండి. పని వేళలు దాటాక ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలోనే ఉంది.

అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది అమ్మాయి విషయం. పిల్లలు అలా కొన్నిసార్లు వెనక్కి తగ్గితే చెప్పడమే మానేస్తారు. ఆ రోజు ఏం చెప్పబోయిందో తవ్వకండి. 'నువ్వు మాట్లాడుతుంటే ఫోన్ చూశాను, తప్పు నాదే' అని ఊరుకోండి. ఆ రెండు గంటలూ ఫోన్ పక్క గదిలో, రింగు వినపడేంత దూరంలో పెట్టండి. మొదట్లో చేతులు ఊరుకోవు. బట్టలు మడతపెట్టడమో, వంటో, తనతో కలిసి ఏదో ఒకటి చేయండి. వెంటనే మనసు విప్పకపోవచ్చు, తొందరపెట్టకండి.

నెల దాటినా దడ తగ్గకపోతే, రాత్రిళ్ళు లేచి ఫోన్ చూసుకోవడం ఆగకపోతే సైకాలజిస్టును కలవండి. దడకు వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి, ఈలోగా డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.