హిరొసాకి పూలకి వెళ్లబోయే మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. "వాడు సకురా పూలు, అవేనే, చెర్రీ పూలు చూపిస్తాను, టోక్యో రమ్మంటున్నాడే, మార్చి నెలాఖరుకి టిక్కెట్లు తీసెయ్యనా?" అన్నాడు. వద్దు, ఏప్రిల్ రెండో వారం దాటాక దిగేలా తియ్యమన్నాను. నిన్ను అడక్కుండా చెప్పేశానని కోప్పడకు. ఎందుకన్నానో రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మార్చి నెలాఖరుకి టోక్యోలో పూలు బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను. కానీ ఉయెనో పార్కులో ఆ రోజుల్లో పుష్కరాల రేవులో ఉన్నట్టుంటుంది. మోకాళ్ల నొప్పులతో వదిన ఆ తొక్కిడిలో ఏం నడుస్తుంది? వాళ్లని ఉత్తరానికి, అఒమొరి రాష్ట్రంలో ఉన్న హిరొసాకి కోట పార్కుకి తీసుకెళ్లు. అక్కడ టోక్యోకన్నా మూడు వారాలు ఆలస్యంగా పూస్తాయి. టోక్యోలో, నిషి-కసాయ్‌లో ఉన్న పద్దెనిమిదేళ్లలో మేము నాలుగుసార్లు వెళ్లాం. నాలుగుసార్లూ ఏదో ఒక తప్పు చేసే వచ్చాం, అందుకే చెప్పగలుగుతున్నాను.

మొదటిసారి చేసిన తప్పు అన్నిటికన్నా పెద్దది. ఏప్రిల్ చివరా మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవులు కదా అని జనవరిలోనే మే 3కి హోటల్ తీసుకున్నాం. డబ్బు వెనక్కి రాని గది. చవగ్గా వచ్చిందని మీ మామయ్య మురిసిపోయాడు. తీరా వెళ్తే చెట్లన్నీ పచ్చగా ఆకులేసుకుని మామిడితోటలా నిలబడి ఉన్నాయి. ఆలస్యంగా పూసే ముద్దపూల రకాలూ, కిందికి వేలాడే కొమ్మల రకాలూ ఉన్నాయి గానీ, మేము ఫొటోల్లో చూసి వెళ్లింది వాటిని కాదు. ఒకప్పుడు గోల్డెన్ వీక్‌కి సరిగ్గా అందేవిట. ఈమధ్య చలి తొందరగా పోయి, చాలా ఏళ్లు సెలవులు మొదలయ్యేలోపే రాలిపోతున్నాయి. అందుకని ఏప్రిల్ మూడో వారం చుట్టూ ఓ వారం రోజులు ఖాళీగా ఉంచుకో. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకో, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఊళ్లో గదులు దొరక్కపోతే బెంగపడకు, అఒమొరి నగరంలో దిగండి. రైల్లో ముప్పావుగంట దూరం. ఆ పార్కు చెట్లు చూసుకునేవాళ్లు రోజూ ఏ మూల ఎంతవరకు విచ్చాయో చూస్తారు. హిరొసాకి నగరపాలక సంస్థ ఆ వివరాలు ప్రకటిస్తూ ఉంటుంది. టీవీ వాళ్ల జోస్యాలకన్నా అవి నమ్ము.

రెండు మాటలు గుర్తుంచుకో. 'కైకా' అంటే మొదటి అయిదారు పూలు విచ్చుకోవడం. 'మన్‌కై' అంటే చెట్టు నిండా పూయడం. కైకా అని వార్త రాగానే జనం పరిగెడతారు, నువ్వు పరిగెత్తకు. ఆ రోజుకి చెట్టు ఇంకా మోడులానే ఉంటుంది. మన్‌కైకి నాలుగైదు రోజులు పడుతుంది. ఇంకో సంగతి, కోట బయటి కందకం గట్టు మీదివి ముందు పూస్తాయి, లోపలివి తర్వాత. అంచేత ఒక రోజు అటూ ఇటూ అయినా ఎక్కడో ఒకచోట పూలు దొరుకుతాయి.

ఇంక అన్నయ్య సంగతి. వాడికి పూలు చూపించి ఊరుకోకు, చెట్లు చూపించు. కడియంలో పుట్టి, మీ తాతగారి నర్సరీలో అంట్లు కట్టిన చెయ్యి వాడిది. ఆ ఊరిని వాడికన్నా బాగా అర్థం చేసుకునే యాత్రికుడు దొరకడు. అక్కడ ఎక్కువగా ఉండే రకం సోమెయ్ యోషినో. విత్తనం వేస్తే అదే చెట్టు రాదు. జపాన్ అంతటా ఉన్నవి అంట్లే, అంటే ఒకే చెట్టుకి నకళ్లు. అందుకే ఒక ఊళ్లో అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. ఈ ముక్క చెబితే చాలు, వాడికి పూలమీద లేని ఆసక్తి కూడా పుట్టుకొస్తుంది.

జపాన్ వాళ్లకి ఒక సామెత ఉంది. సకురా కొమ్మ కోసేవాడు మూర్ఖుడు, ఉమె (జపాన్ ప్లమ్) కొమ్మ కొయ్యనివాడూ మూర్ఖుడే అని. సకురాకి కోత పెడితే ఆ గాయంలోంచి కుళ్లు లోపలికి దిగుతుందని భయం. హిరొసాకి వాళ్లు ఆ మాట వినలేదు. వాళ్ల బతుకంతా యాపిల్ తోటలు. జపాన్‌లో పండే యాపిళ్లలో సగానికి పైగా అఒమొరివే. యాపిల్ చెట్టుకి ఏటా కత్తిరింపు చేస్తేనే కాపు అని వాళ్లకి తెలుసు. అదే పని సకురాకి చేసి చూశారు. చలికాలం చివర, ఇంకా మంచు ఉండగానే నిచ్చెనలేసుకుని ముసలి కొమ్మలు తీసేస్తారు, కోతల మీద మందు పూస్తారు, మొదట్లో ఎరువు వేస్తారు. మామూలుగా మొగ్గకి మూడు నాలుగు పూలుంటే అక్కడ నాలుగైదు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒకసారి నేనే ఒక గుత్తిని దగ్గరికి వంగి లెక్కపెట్టాను, ఆరు. కొమ్మ ముట్టుకోలేదులే! అరవై డెబ్భై ఏళ్లకే ఈ రకం ముసలిదవుతుందంటారు. అక్కడ మాత్రం వందేళ్లు దాటిన చెట్లు మూడు వందలకి పైగా ఉన్నాయి.

వాటిలో 1882లో నాటిన ఒక చెట్టుంది, జపాన్‌లోకెల్లా పాత సోమెయ్ యోషినోల్లో ఒకటి అంటారు. దాని కథ అన్నయ్యకి చెప్పు. కికుచి తతే అని హిరొసాకి సంస్థానంలో పనిచేసిన సమురాయ్, సమురాయ్‌ల కాలం పోయాక యాపిల్ సాగు నేర్పించిన మనిషి. పాడుపడుతున్న కోటలో వెయ్యి సకురా మొక్కలు నాటించాడు. ప్రభువుగారి కోటని తాగి తందనాలాడే తోట చేస్తావా అని మిగతా సమురాయ్‌లకి ఒళ్లు మండి చాలా మొక్కలు పీకిపారేశారట. ఆ చేతులు తప్పించుకుని మిగిలినదాన్నే ఇప్పుడు జనం చుట్టూ చేరి ఫొటోలు తీస్తున్నారు. ఇవాళ పార్కులో యాభై రకాల పైచిలుకు, 2,600 చెట్లున్నాయి.

కోట గురించి మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లు. లేకపోతే గోల్కొండని మనసులో పెట్టుకొచ్చి "ఇంతేనా?" అంటాడు. చుగరు వంశం వాళ్లు 1611లో కట్టిన అయిదంతస్తుల బురుజు 1627లో పిడుగుపడి కాలిపోయింది. ఇప్పుడున్నది 1810లో కట్టిన మూడంతస్తులది, చిన్నది. కానీ జపాన్‌లో పాతకాలం నాటి అసలు బురుజులు మిగిలింది పన్నెండే, ఇది వాటిలో ఒకటి. కింద రాతిగోడ ఉబ్బిపోయిందని 2015లో, దాదాపు 400 టన్నుల ఆ కట్టడాన్ని విప్పకుండా ఎత్తి, 70 మీటర్ల పైన పక్కకి జరిపారు. నేను వెళ్లినప్పుడల్లా అది తన చోటు కాని చోట నిలబడి ఉంది. వెనక్కి జరిపే పని ఎంతవరకు వచ్చిందో, లోపలికి పంపుతున్నారో లేదో మీరు బయల్దేరే ముందు చూసుకోండి. బురుజు ఉన్న నడిబొడ్డుకి 'హొన్మారు' అని పేరు, టిక్కెట్టు ఉంటుంది. ఆ డబ్బు దండగ కాదు, ఎందుకంటే అక్కణ్ణుంచి ఇవాకి కొండ కనిపిస్తుంది. 1,625 మీటర్లు, ఏప్రిల్‌లో నెత్తిన ఇంకా మంచుంటుంది.

రైలు సంగతి. టోక్యో నుంచి షిన్-అఒమొరికి హయబుసా అనే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు), మూడు గంటల పైన కాస్త. అందులో అన్నీ రిజర్వేషన్ సీట్లే. సరిగ్గా నెల ముందు పొద్దున్న పదింటికి వదులుతారు, ఆ నిమిషానికి ఫోన్ పట్టుకుని కూర్చో. మనిషికి ఒకవైపే 17 వేల యెన్లు దాటుతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఇచ్చే జేఆర్ ఈస్ట్ రైలు పాస్ కలిసొస్తుందేమో లెక్క వేసుకో. షిన్-అఒమొరిలో దిగి ఓఉ లైన్ మామూలు రైలెక్కండి. కుడివైపు కిటికీ వదినకివ్వు, ఇవాకి కొండ అటే. దారిలో కిత-తొకివా అని చిన్న స్టేషన్ వస్తుంది. అది ఫుజిసాకి అనే ఊరి కిందికొస్తుంది. హైదరాబాదు బళ్ల మీద అమ్మే ఫ్యూజీ యాపిల్ పుట్టింది ఆ ఫుజిసాకిలోనే. నేను చాలా ఏళ్లు ఫ్యూజీ పర్వతం దగ్గర పండేవనుకునేదాన్ని.

స్టేషన్ నుంచి కోటకి బస్సులో పావుగంట, నగరపాలక కార్యాలయం దగ్గర దిగితే ఎదురుగానే ఓతెమొన్ గేటు. సామాను లాకర్లు తొమ్మిదింటికల్లా నిండిపోతాయి. అందుకని పెద్ద పెట్టెలు ఇంట్లోనే వదిలి, తలా ఒక వీపు సంచితో వెళ్లండి.

చలి విషయంలో వదిన నీ మాట వినదు, నా మాట అని చెప్పు. పగలు పదిహేను డిగ్రీలుంటే ఎండ బాగుందని శాలువా హోటల్లో వదిలేస్తాం. సూర్యుడు వాలాక అయిదుకి పడిపోతుంది. రాత్రి పదింటిదాకా చెట్లకి దీపాలు పెడతారు, నీళ్లలో ఆ నీడ చూడాలంటే ఆ చలిలోనే నిలబడాలి. మొదటిసారి నేను చుడీదార్ మీద పల్చటి చున్నీతో వెళ్లి పళ్లు కొట్టుకుంటూ తిరిగొచ్చాను. మందుల షాపులో 'కైరో' అని వేడి పొట్లాలు అమ్ముతారు, జేబుకొకటి. వదిన మోకాళ్లకి ఉన్ని తొడుగులు. లోపల దారుల్లో కంకర ఉంటుంది, చెప్పులు వద్దు, షూస్ వెయ్యించు.

తిండి. ఇక్కడే మనవాళ్లు ఇబ్బంది పడతారు. వదిన శాకాహారం. మాంసం వద్దు, చేప వద్దు అంటే వాళ్లు తలూపుతారు గానీ, పులుసులోకి పోసే 'దాషి' అనే చారు చాలాసార్లు ఎండబెట్టిన చేపతోనే కాస్తారు. వాళ్ల లెక్కలో అది చేప కిందికి రాదు, మనం మోసమనుకోకూడదు. జపనీసులో ఒక కాగితం మీద 'చేప దాషి కూడా వద్దు' అని రాయించి పెట్టుకో. హిరొసాకిలో 'యాపిల్ పై' అనే తీపి వంటకం చెయ్యడంలో పోటీలుపడి పేరు తెచ్చుకున్న బేకరీలు బోలెడు, వదినకి అవి చాలు. అన్నయ్యకి ఈగమెన్చి తినిపించు. స్క్విడ్ కాళ్లు తరిగి, పిండీ కూరముక్కలూ కలిపి వేయించిన వడ. మన పునుగుల బండి ముందు నిలబడినట్టే నిలబడతాడు చూడు.

మధ్యాహ్నానికి పులిహోర కట్టుకుని వెళ్లండి. కానీ సోనా మసూరితో కలపకు. ఆ చలికి గంటలో గట్టిపడి, ఇసక నమిలినట్టుంటుంది. మేము కందకం గట్టున ఒకసారి అలాంటి పులిహోర తినలేక, పారెయ్యలేక కూర్చున్నాం. జపాన్ బియ్యం చల్లారినా మెత్తగానే ఉంటుంది. నీళ్లు కాస్త తగ్గించి పొడిపొడిగా వండి, చింతపండు ఒక పాలు ఎక్కువెయ్యి, ఎందుకంటే ఆ బియ్యానికి తీపెక్కువ. ఇంగువ మూత గట్టిగా పెట్టు, షింకన్‌సెన్‌లో తియ్యకు.

పట్టా పరిస్తే చెప్పులు బయట విప్పి కూర్చోవాలి. చెట్టు మొదట్లో మాత్రం పరవద్దు, తొక్కితొక్కి మట్టి గట్టిపడితే వేళ్లకి గాలాడదు. ఇది అన్నయ్యకి చెప్పక్కర్లేదు, వాడే మీకు చెబుతాడు. చెత్త ఒక సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి.

రెండు రాత్రులు చాలు. మొదటి రోజు సాయంత్రం దీపాలు. రెండో రోజు మధ్యాహ్నం, జనం కోటలో ఉన్నప్పుడు, మీరు బయట తిరగండి. సైషో-ఇన్‌లో 1667 నాటి అయిదంతస్తుల గోపురం ఉంది, జెన్‌రింగై అని 33 జెన్ ఆలయాలు వరసగా ఉన్న వీధి ఉంది. వదిన నడవలేనంటే ఫుజిత తోటలో కూర్చోబెట్టి మీరిద్దరూ తిరిగి రండి. పడమటి కందకంలో అద్దె పడవలుంటాయి. తెడ్లు నువ్వే వెయ్యి, అన్నయ్యని వెయ్యనివ్వకు, గోదారి మీద పడవ నడిపినవాణ్ణంటూ ఫోజు కొట్టి తోటివాళ్లకి గుద్దేస్తాడు.

మీరు వెళ్లేసరికి పూలు రాలడం మొదలైతే అయ్యో అనుకోకండి. నాలుగు ప్రయాణాల్లో నాకు నచ్చింది అలాంటిదే. రాలిన రేకులు బయటి కందకం నీళ్లని పూర్తిగా కప్పేస్తాయి, కింద నీళ్లున్నాయని తెలియదు. దాన్ని 'హనాఇకదా' అంటారు, పూల తెప్ప అని అర్థం. వదినకి తెప్పోత్సవం అని చెప్పు, ఇట్టే అర్థమవుతుంది. అది చూడాలంటే పొద్దున్న అయిదున్నరకల్లా అక్కడుండాలి. గాలి లేచిందా, రేకులన్నీ ఒక మూలకి నెట్టుకుపోయి మధ్యలో నల్లటి నీళ్లు తేలిపోతాయి. నేను చూసిన రోజున ఒక బాతు ఆ గులాబీ చాప మధ్యలోంచి ఈదుకుంటూ వెళ్లింది. వెనకాల సన్నటి నల్లగీత పడింది, మళ్లీ మెల్లగా మూసుకుపోయింది. మీ మామయ్య ఫోన్ తీసేలోపే అయిపోయింది.

ఇంకొక్క మాట. అన్నయ్య ఏదో ఒక చెట్టు దగ్గర ఆగి, కొమ్మ కోసినచోట బెరడు ఎలా మూసుకుందో చూస్తూ నిలబడిపోతాడు. బస్సు తప్పినా సరే, వాణ్ణి తొందరపెట్టకు. నాన్న పోయాక వాడు కత్తి పట్టుకోలేదు. ఎంతసేపు నిలబడ్డాడో, ఏమన్నాడో ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య