ప్రశ్న–జవాబు: తంచంగ్య మాటలు

ప్రశ్న: తంచంగ్య అంటే చక్మా భాషకే ఇంకో పేరా?

జవాబు: కాదు. రెండూ బెంగాలీ, అస్సామీల్లాగే తూర్పు ఇండో-ఆర్య శాఖవే, ఒకదానికొకటి బాగా దగ్గరివి. తంచంగ్యను చక్మా మాండలికమనేవాళ్లూ ఉన్నారు. మాట్లాడేవాళ్లు మాత్రం తమది వేరే జాతి అంటారు. 2011 బంగ్లాదేశ్ జనగణన కూడా వాళ్లను విడిగానే, 44 వేల పైచిలుకుగా లెక్కగట్టింది. రాంగామాటి, బందర్‌బన్ కొండ జిల్లాల్లో ఎక్కువగా ఉంటారు. మిజోరం, త్రిపురల్లోనూ ఉన్నారు. మయన్మార్‌లోని రఖైన్‌లో వీళ్ల పేరు దైంగ్‌నెట్. 2017లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఐదు ఆదివాసీ భాషల్లో బడి పుస్తకాలు ఇచ్చింది. చక్మాకు అందాయి, తంచంగ్యకు అందలేదు. రెండూ ఒకటేనని కొట్టిపారేయకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ప్రశ్న: బెంగాలీ వచ్చినవాళ్లకు ఈ మాటలు తెలుస్తాయా?

జవాబు: కొన్ని. ఆడవాళ్ల ఐదు భాగాల దుస్తులు చూడండి: నడుముకు చుట్టే పినన్, ఛాతీకి కట్టే ఖాది, పొడుగు చేతుల సాలుం, తలగుడ్డ మాదా-కాబంగ్, నడికట్టు ఫా-దురి. మాదా అంటే బెంగాలీ మాథా, అంటే తల. అచ్చుల నడుమ థ కాస్తా ద అయింది. బెంగాలీ కాపొడ్ (గుడ్డ)లోని ప కూడా ఇలాగే కాబంగ్‌లో బ అయింది. అలాగని ఈ సూత్రం పట్టుకుని వినని మాటలు తయారుచేయకండి.

ప్రశ్న: పదపట్టిక ఎలా సేకరించాలి?

జవాబు: బెంగాలీలో అడిగితే బెంగాలీ మాటే తిరిగొస్తుంది. అందుకే వస్తువు చూపించి అడగండి. ప్రతి మాటా మూడుసార్లు, తర్వాత ఒక వాక్యంలో పెట్టి చెప్పించి రికార్డు చేయండి. విడిగా పలికిన మాట మరీ జాగ్రత్తగా, అసహజంగా ఉంటుంది. చెప్పినవారి ఊరు, వయసు, గోజా (వంశశాఖ) తప్పక రాసుకోండి, ఎందుకంటే గోజాను బట్టి పలుకు మారుతుంది. జుమ్ (పోడు) సాగు, నేత, వెదురు పని మాటలు ముందు పెద్దవాళ్లను అడగండి. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఒత్తు చెవికి వినబడితేనే ఖ, థ రాయండి. బెంగాలీ వర్ణక్రమం గుర్తొచ్చి ఒత్తు పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. రికార్డు ఫైలుకూ పట్టికలోని మాటకూ ఒకే నంబరు ఉంటే సందేహం వచ్చినప్పుడు మళ్లీ వినొచ్చు.

ప్రశ్న: వాళ్ల లిపి మనకు కష్టమా?

జవాబు: బర్మా లిపి కుటుంబానిది, గుండ్రటి అక్షరాలు. మన ‘క’లో అ ఉంటుంది, వాళ్ల హల్లులో ఆ ఉంటుంది. గుణింతం లేని అక్షరాన్ని ‘కా’ అనే చదవాలి.