మత్తివ్వబోతున్న మేనకోడలికి

చిన్నీ,

వచ్చే నెల నుంచి మీ పశువుల ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో మత్తు బాధ్యత నీదేనని అక్క ఫోన్ చేసి చెప్పింది. తను మురిసిపోతూ చెప్పింది గానీ, నీకు మాత్రం నిద్ర పట్టడం లేదట కదా. పట్టకపోవడమే నయం. ముప్పై ఏళ్లు మనుషులకి మత్తిచ్చినా, పసిపిల్లల కేసున్న రోజు పొద్దున నాకు ఇడ్లీ గొంతు దిగేది కాదు. రిటైరయ్యాక ఒక పశువైద్య మిత్రుడి క్లినిక్‌లో నాలుగేళ్లు చేదోడుగా ఉన్నాను. రెండు పక్కలా చూసినవాడి మాటలనుకుని చదువు.

మీ దగ్గర ఉండేది ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు, దాన్ని గ్యాసుగా మార్చి వదిలే ఊదారంగు వేపరైజర్. దాని పక్కన మ్యాక్ అనే అంకె చదివే ఉంటావు. మనిషికి 1.15 శాతం దగ్గర, కుక్కకి 1.3, పిల్లికి 1.6. ఇంత గ్యాస్ ఊపిరితిత్తుల్లో ఉంటే కత్తి పెట్టినప్పుడు సగం జీవాలు కదలవని దానర్థం. మిగతా సగం కదులుతాయన్నమాట! అందుకే ఆపరేషన్‌కి అంతకంటే కొంచెం ఎక్కువే కావాలి. ముసలితనం, కడుపుతో ఉండడం, ఒళ్లు చల్లబడడం, ముందే నొప్పి మందు ఇచ్చి ఉండడం, వీటిలో ఏది ఉన్నా తక్కువ గ్యాసే సరిపోతుంది. పైగా డయల్ రెండు దగ్గర పెట్టగానే మెదడుకి రెండు చేరిపోదు. సర్క్యూట్, అంటే గ్యాస్ నడిచే గొట్టాల దారి పెద్దది, వదిలే ఆక్సిజన్ తక్కువ అయితే నిమిషాలు పడుతుంది. అందాకా ఆగలేక డయల్ తిప్పుతూ పోయేవాళ్లని చూశాను. పది నిమిషాల తర్వాత కుక్క లోతుకి వెళ్లిపోయి ఉంటుంది, తిప్పినవాడికేమో తను తిప్పిన సంగతే గుర్తుండదు.

కాబట్టి కన్ను చూడు. కుక్కకి ఆపరేషన్‌కి సరిపడా మత్తు ఎక్కితే కనుగుడ్డు కిందికి, ముక్కువైపుకి తిరిగి తెల్లగుడ్డు కనబడుతుంది. అదే గుడ్డు మధ్యకొచ్చి పాప పెద్దదైపోయి, దవడ గుడ్డపీలికలా వదులైందంటే లోతెక్కువైంది. డయల్ వెంటనే తగ్గించు. ఈ మందు రక్తనాళాలని వదులు చేసి బీపీ దించుతుంది, ఊపిరిని మందగింపజేస్తుంది. ఇంకోటి, ఇది నొప్పిని తగ్గించదు. నిద్ర మాత్రమే ఇస్తుంది. నొప్పికి మందు వేరే ఇవ్వకపోతే లేచిన కుక్క అరుపులు నీకు రెండు రోజులు వినబడతాయి.

ఊపిరి ఒక్కటే చూస్తూ కూర్చోకు, నాడి మీద కూడా వేలుండాలి. ఇది మన హైదరాబాద్ నేర్పిన పాఠమే. ఆరో నిజాం కాలంలో, 1888లో, 1889లో అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద రెండు విచారణ కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరుగారు కుక్కలు, కోతుల మీద వందల ప్రయోగాలు చేయించి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరి చూస్తే చాలన్నాడు. ఆయన చూసింది అబద్ధం కాదు, మోతాదు ఎక్కువైతే అలాగే జరుగుతుంది. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల్లో ఇంకోటి చూపించాడు: క్లోరోఫాం మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె ఒక్కసారిగా గతి తప్పి వణికి ఆగిపోతుంది. తర్వాత వచ్చిన హాలోథేన్‌కీ కొంత ఆ గుణం ఉంది. పైగా దానిలో ఐదోవంతు దాకా లివర్‌లో విరిగి వేరే పదార్థాలుగా మారేది. ఐసోఫ్లూరేన్‌లో అలా మారేది 0.2 శాతమే, మిగతాదంతా వచ్చిన దారినే ఊపిరితో పోతుంది. అందుకే హాలోథేన్ మూలపడింది, ఇది నిలబడింది.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను, ఎక్కడా రాయకు. చిన్న ఆడకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. మొదలుపెట్టే ముందు సర్క్యూట్ లీకవుతుందేమోనని, మిగులు గాలి బయటికి పోయే వాల్వ్ మూసి చూశాను. బాగానే ఉంది. ఇంతలో ఎవరో పలకరిస్తే మాట్లాడుతూ కుక్కని తగిలించాను. రెండు మూడు నిమిషాలకి బ్యాగ్ తిరనాళ్ల బుడగలా ఉబ్బింది. ఛాతీ పైకి లేచి మళ్లీ కిందికి రావడం లేదు. తొడ దగ్గర నాడి పట్టుకుంటే దారంలా ఉంది. అప్పుడు తట్టింది, వాల్వ్ మూసే ఉందని! తెరిచాను, బుస్సుమని గాలి పోయింది, నాడి నిండింది. బతికింది. ఆ రోజు నుంచి వాల్వ్ మూసినంతసేపూ నా చెయ్యి దానిమీద నుంచి తియ్యను, ఎవరు పిలిచినా సరే. నువ్వూ అలాగే చెయ్యి.

కుక్క మొహానికి మాస్కు బిగించి ఈ గ్యాసుతోనే పడుకోబెట్టొద్దు. ఘాటు వాసన, ఊపిరి బిగబట్టి పెనుగులాడతాయి. ముందు ఇంజెక్షన్‌తో పడుకోబెట్టి శ్వాసనాళంలోకి గొట్టం వేసుకో. చిన్నపిల్లలకి మేం మాస్కుతో ఇచ్చేది సెవోఫ్లూరేన్, దానికి ఆ ఘాటు లేదు. పిల్లికైతే గొట్టం వేయబోతే గొంతు బిగుసుకుంటుంది. తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ మందు గొంతులో చుక్క వేసి అర నిమిషం ఆగు.

గుర్రం సంగతి వేరు. ఆరోగ్యమైన గుర్రాల్లోనే దాదాపు నూటికి ఒకటి మత్తులోనో, లేస్తూనో పోతుంది. తన బరువే తన కండల్ని నలిపేస్తుంది, తూలుతూ లేచి కాలు విరగ్గొట్టుకుంటుంది. సీనియర్లు లేకుండా ముట్టుకోకు. పందికి మత్తిస్తుంటే ఒళ్లు కర్రలా బిగుసుకుని, వేడెక్కి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే గ్యాస్ ఆపెయ్. మనుషుల్లోనూ ఇదే జబ్బు కొన్ని కుటుంబాల్లో ఉంటుంది, మందు డాంట్రోలీన్. ఆపరేషన్‌కి ముందు మేం అందర్నీ అడిగేది అందుకే, మీ ఇంట్లో ఎవరికైనా మత్తులో ఏమైనా అయిందా అని.

గదిలో వదిలేసిన గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉందో లేదో చూసుకో, లేకపోతే అడిగి పెట్టించుకో. కొత్తదానివని మొహమాటపడకు. ఐదేసి నిమిషాలకోసారి నాడి, ఊపిరి, డయల్ అంకె ఒక కాగితం మీద రాస్తూండు. మొదటి కేసు అయ్యాక ఆ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, కళ్లజోడు పెట్టుకుని చూస్తాను.

మామయ్య