అరవై మూడు వైరుధ్యాలు రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

బైబిల్లో వైరుధ్యాలంటూ అరవై మూడు పాయింట్లతో నువ్వు రాసిన వ్యాసం విజయవాడ నుంచి గుంటూరు వచ్చే బస్సులో చదవడం మొదలుపెట్టాను. మంగళగిరి వచ్చేసరికి ఇరవయ్యో పాయింటు దగ్గర కునుకు పట్టేసింది, మిగతాది రాత్రి అన్నం తిన్నాక మళ్లీ పట్టుకుని పూర్తిచేశాను. ఏమీ అనుకోకు, నీ దగ్గర మొహమాటపడితే నీకే నష్టం. బైబిల్లో ఒకచోట చెప్పింది ఇంకోచోట చెప్పినదానితో పొసగని సంగతులు ఉన్నాయా అంటే ఉన్నాయనే నేనూ అంటాను, ఒక్కటి కూడా లేదని ఒట్టేసి చెప్పేవాళ్లతో నాకూ పేచీ ఉంది, అందుచేత నేను మాట్లాడేది నీ అభిప్రాయం గురించి కాదు. నువ్వు రాసింది వ్యాసం కాదు, కిరాణా చీటీ. అదీ నా గొడవ.

నా సంగతి ఒకటి చెప్తా. 1984లో, నాకు ఇరవై మూడేళ్లప్పుడు, నేనూ ఇలాంటి చీటీయే రాశాను, యాభై పాయింట్లతో. ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు కరపత్రం ముందు పెట్టుకుని, బైబిలు తెరవకుండా, తెలుగులోకి దింపేశాను. ఒక చిన్న పత్రిక వేసింది. బ్రాడీపేటలో మేం రోజూ కూర్చునే టీ కొట్టు దగ్గర ఆ వారమంతా నేనే హీరోని. నాలుగో రోజో అయిదో రోజో ఒక ముసలాయన వచ్చారు, సండే స్కూలు మాస్టారు, చంకలో సంచి. పత్రిక నా చేతికిచ్చి, సంచిలోంచి బైబిలు తీసి, కళ్లజోడు సర్దుకుని, "దావీదు చేత జనాభా లెక్క వేయించింది దేవుడని సమూయేలు మొదటి గ్రంథం ఇరవై నాలుగులో ఉందన్నావు గదా నాయనా" అని అందరూ వినేట్టు పైకి చదవడం మొదలుపెట్టారు. అందులో జనాభా లెక్క ఎక్కడుంది? గుహలో సౌలు రాజు ఒంటరిగా దొరికితే దావీదు చంపకుండా అతని పైవస్త్రం చెంగు కోసుకున్న కథ ఉంది. టీ కొట్టు మొత్తం నవ్వింది. మిగతా నలభై తొమ్మిదీ ఆ నవ్వులోనే కొట్టుకుపోయాయి.

అక్కడితో ఆపి వెళ్లిపోయి ఉంటే ఆయన్ని మర్చిపోయేవాణ్ని. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆయనే పేజీలు తిప్పి, "నువ్వు చెప్పేది రెండో గ్రంథంలో ఉంది, చూడు" అని చూపించారు. అక్కడ ఇశ్రాయేలీయుల మీద యెహోవాకు, అంటే దేవుడికి, కోపం వచ్చి దావీదును ప్రేరేపించాడని ఉంటుంది, దినవృత్తాంతములు మొదటి గ్రంథం 21లో అదే పని సాతాను చేశాడని ఉంటుంది. అంతటితో ఊరుకోకుండా, "ఇది నీ లిస్టులో లేదేం?" అని ఇంకోటి తీశారు. అహజ్యా అనేవాడు యూదా రాజైనప్పుడు అతనికి ఇరవై రెండేళ్లని రాజులు రెండో గ్రంథం 8లో ఉంది, దినవృత్తాంతములు రెండో గ్రంథం 22లో నలభై రెండని ఉంది. అతని తండ్రి యెహోరాము ముప్పై రెండేళ్లకు గద్దెనెక్కి, ఎనిమిదేళ్లు ఏలి చనిపోయాడు. లెక్క వేసుకో, తండ్రి నలభై ఏళ్లకు పోతే ఆ వెంటనే గద్దెనెక్కిన కొడుక్కి నలభై రెండు. "కొడుకు తండ్రికంటే రెండేళ్లు పెద్ద" అని ఆయనే నవ్వారు.

నాకు నోట మాట రాలేదమ్మాయ్. ఇవన్నీ నమ్మేవాళ్లకు తెలియవని, తెలిస్తే నమ్మకం కూలిపోతుందని అనుకుని గదా నేను రాసింది! ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు, ముప్పై ఏళ్లుగా తెలుసు, అయినా ఆదివారం పొద్దున్నే పిల్లల్ని పోగేసుకుని పాఠం చెప్తున్నారు. అదెలా కుదిరింది మాస్టారూ అని అడగాల్సింది. నేను అడగలేదు, టీ డబ్బులిచ్చి లేచిపోయాను.

ఇప్పుడు నీ ముప్పై ఒకటో పాయింటు తీసి చూడు. "1 సమూయేలు 24:1." నలభై ఏళ్ల కిందట నేను చేసిన తప్పే, అక్షరం పొల్లుపోకుండా! నువ్వు ఎక్కడినుంచి దించావో నాకు తెలియదు గానీ, ఒకరి చీటీ చూసి ఒకరు రాసుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది. పాతకాలపు రాతగాళ్లు బైబిలు ప్రతులు ఎత్తిరాసేటప్పుడు అంకెలు తప్పారని వెక్కిరించే మనమే ఎత్తిరాతలో అంకె తప్పాం, ఇంతకంటే సరదా ఏముంటుంది.

అహజ్యా వయసు లాంటివాటిని నువ్వు వైరుధ్యం అన్నావు, నేనైతే పొరపాటు అంటాను. ఎత్తిరాసినవాడి చెయ్యి జారింది. పాత సిరియా భాషా అనువాదంలో అక్కడ ఇరవై రెండే ఉంది, కొత్త ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఇరవై రెండు అని వేసి కింద ఫుట్‌నోట్ పెడతాయి, చదువుకున్న పాస్టర్ ఎవర్నడిగినా ఒప్పుకుంటాడు. ఒప్పుకునేదాని మీద పేజీ ఖర్చుపెట్టడం దండగ. బైబిల్లోని సామెతల గ్రంథం 26లో మూర్ఖుడికి జవాబివ్వకు అని నాలుగో వచనం, ఇవ్వు అని అయిదో వచనం ఉన్నాయని పాయింటు 9లో సంబరపడ్డావు. పక్కపక్కనే పెట్టినవాడికి ఆ మాత్రం కనిపించదా? కావాలనే పెట్టాడు. మన సామెతల్లో మాత్రం ఒకదానికొకటి ఎదురు తిరిగేవి లేవా, ఏది ఎప్పుడు వాడాలో తెలిసినవాడే తెలివైనవాడు. కొట్టెయ్. యేసు సమాధి దగ్గరికి యోహాను సువార్తలో మగ్దలేనే మరియ ఒక్కతే వెళ్లిందనీ మిగతావాటిలో ఇంకా ఆడవాళ్లు ఉన్నారనీ రాశావు, ఆ కిందే రెండో వచనంలో ఆమె "మాకు తెలియదు" అని బహువచనంలో అంటుంది, అది చూసుకోకపోతే నీకూ టీ కొట్టు గతే పడుతుంది.

దావీదు జనాభా లెక్క వేరు. అంకెలు అక్కడా తేడానే, ఇశ్రాయేలువాళ్లూ యూదావాళ్లూ ఒకచోట ఎనిమిది లక్షలూ అయిదు లక్షలూ, ఇంకోచోట పదకొండు లక్షలూ నాలుగు లక్షల డెబ్బై వేలూ, ఆ తర్వాత బలిపీఠం కట్టడానికి దావీదు కొన్న కళ్లానికి ఇచ్చిన ధర ఒకచోట యాభై తులాల వెండి, ఇంకోచోట ఆరువందల తులాల బంగారం. ధర సంగతికి జవాబుంది వాళ్ల దగ్గర, మొదటిది కళ్లానికీ ఎడ్లకూ, రెండోది ఆ చోటు మొత్తానికీ అంటారు. సరే అనుకుందాం. యెహోవా ఉన్నచోట సాతాను ఎలా వచ్చాడు? ఇది చెయ్యి జారడం కాదు. దినవృత్తాంతములు, యూదుల్ని బందీలుగా పట్టుకుపోయిన బబులోను చెర తర్వాతి కాలంలో రాసిందని పండితులు చెప్తారు, అప్పటికి ఆ రచయితకు దేవుడే లెక్క వేయించి, అది పాపమని దేవుడే శిక్ష వేశాడన్న మాట గొంతు దిగలేదు, అందుకని ఆ పని ఇంకొకడి నెత్తిన పెట్టాడని నేను అనుకుంటాను. దేవుడు అనుమతించాడు, సాతాను చేశాడు, రెండూ నిజమే అని పాస్టర్లు అంటారు. వాళ్ల మాటా రాయి, నీ మాటా రాయి. కష్టం ఎవరు పెట్టారు అనేది మన ఇళ్లలో చావు జరిగిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న. దాన్ని నువ్వు ఒకటిన్నర లైన్లో తేల్చేశావు!

పుట్టుక కథ కూడా అంతే. మీ గుణదల వైపు క్రిస్మస్ డ్రామాలు చూసే ఉంటావు, తలకి టవల్ చుట్టుకున్న పిల్లలు గొర్రెల కాపరులు, జిగేల్మనే కాగితం కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు జ్ఞానులు, అందరూ ఒకే స్టేజీ మీద పశువుల తొట్టి చుట్టూ. మత్తయి సువార్త తీస్తే కాపరులు లేరు, తొట్టి లేదు, జ్ఞానులు ముగ్గురని కూడా లేదు. లూకాలో జ్ఞానులు లేరు, నక్షత్రం లేదు. మత్తయిలో హేరోదు రాజుకు భయపడి ఐగుప్తుకు పారిపోయి, వాడు చచ్చాక వచ్చి నజరేతులో ఉంటారు. లూకాలో నజరేతు నుంచే బేత్లెహేముకు వచ్చి, బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్లి, తిరిగి నజరేతుకే వెళ్తారు, ఐగుప్తు మాటే లేదు. పైగా లూకా కురేనియ సిరియాకు అధిపతిగా ఉన్నప్పటి జనాభా లెక్క అంటాడు, ఆ లెక్క క్రీస్తు శకం 6లో జరిగిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాతల వల్ల తెలుస్తుంది, హేరోదు క్రీస్తు పూర్వం 4లోనే పోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. దాదాపు పదేళ్ల ఎడం. అంతకుముందు ఇంకో లెక్క జరిగి ఉండొచ్చని కొందరు వాదిస్తారు, నాకది అతికించినట్టే అనిపిస్తుంది. నీ అరవై మూడింటిలో దీనికి నాలుగు పేజీలు ఇచ్చి ఉంటే నేను బస్సులో నిద్రపోయేవాణ్ని కాదు.

ఆ డ్రామా కలిపి కుట్టడం కొత్తేం కాదు. క్రీస్తు శకం 170 ప్రాంతంలో టేషియన్ అనే ఆయన నాలుగు సువార్తల్నీ ఒకే కథగా కుట్టేశాడు, సిరియా చర్చీల్లో చాలాకాలం దాన్నే చదివారు. చివరికి చర్చి దాన్ని పక్కనపెట్టి, తేడాలతో సహా నాలుగింటినే ఉంచుకుంది. తేడాలు కనబడక కాదు, కనబడే ఉంచుకున్నారు. గుడ్ ఫ్రైడేకి మన చర్చీల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చేస్తారు చూడు, ఏ ఒక్క సువార్తలోనూ ఏడు లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కులిద్దరిలోనూ ఒకే ఒకటి. మూడు గంటలసేపు ఎండలో కూర్చుని వినే జనానికి అది తప్పుగా తోచదు, నిండుగా తోస్తుంది. ఎందుకు తోస్తుందో పట్టుకో, అది రాయి.

ఇంకోటి. వాదనకు దిగే ముందు ఎదుటివాణ్ని, ఈ పుస్తకం ఎలాంటిదని నువ్వంటున్నావు అని అడుగు. 1978లో షికాగోలో కొందరు ఇవాంజెలికల్ పండితులు కూడి, మూలప్రతుల్లో ఎక్కడా తప్పు లేదని ప్రకటించారు, చరిత్రతో సైన్సుతో సహా. ఆ మాట అనేవాడికి నీ కురేనియ గట్టిగా తగులుతాడు. కేథలిక్కులు 1965లో వాటికన్ సభలో, మన రక్షణ కోసం దేవుడు రాయించదలచిన సత్యాన్ని లేఖనాలు తప్పు లేకుండా బోధిస్తాయి అన్నారు, ఆ మాటలో ఎంత చోటుందో చూడు, అహజ్యా వయసు అక్కడ హాయిగా పడుకుంటుంది. మన గుంటూరు లూథరన్లవాళ్లది ఇంకా తమాషా. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో ఈ ఊరు వచ్చింది ఎవరి పేరు మీదో, ఆ మార్టిన్ లూథరే 1522లో యాకోబు పత్రికను, అంటే బైబిల్లోని యాకోబు ఉత్తరాన్ని, గడ్డి పత్రిక అన్నాడు! విశ్వాసం చాలు, ధర్మశాస్త్ర క్రియలతో పనిలేదని పౌలు రోమీయులకు రాశాడు, విశ్వాసం ఒక్కటే చాలదు, క్రియలు కావాలి అని యాకోబు. తన జర్మను అనువాదంలో పౌలు వాక్యానికి "మాత్రమే" అనే మాట లూథర్ తనే చేర్చాడు. వైరుధ్యం కనిపెట్టింది నాస్తికులు కాదమ్మాయ్, నమ్మినవాడే కనిపెట్టి, దానితో కుస్తీ పట్టి, చివరికి ఆ పత్రికను పుస్తకంలోంచి తియ్యకుండానే వదిలాడు. ఇది నీ లిస్టులో యాభై ఎనిమిదోది, ఒకే లైను.

నీ వెటకారం గురించి కొంచెం కఠినంగానే చెప్తాను. పటమట నాస్తిక కేంద్రంలో పెరిగిన వాదన నాకు ఇష్టమే, దాన్ని పెట్టిన గోరా గారి తరం దేవుడు లేడనడంతో ఆగకుండా పంచములతో కలిసి కూర్చుని తిన్నారు, అది నాకు నచ్చుతుంది. నువ్వు "గొర్రెలు" అన్న మాట వ్యాసంలో ఆరుసార్లు వాడావు, లెక్కపెట్టాను. మన రెండు జిల్లాల్లో ఆ మాట ఎవరి మీద పడుతుందో నీకు తెలియదా? బడి గుమ్మం దాకా కూడా రానివ్వని వాళ్లకు అక్షరం చెప్పింది మిషన్ బళ్లే, చాలా ఇళ్లలో మొదట చదివిన పుస్తకం బైబిలే. నీ వ్యాసం చదివి ఎవరు చప్పట్లు కొడతారో చూసుకో, కొట్టేవాళ్లలో సగం మందికి బైబిలు తప్పొప్పులతో పనేం లేదు, ఆ మనుషుల్ని అనడానికి ఒక సాకు దొరికిందని సంతోషం, అంతే. పుస్తకాన్ని ఎంతైనా నిలదియ్, నేను నీ వెనకే ఉంటా. ఆ మాట మాత్రం ఆరుచోట్లా తీసెయ్. ఇంకో మాట, మీ రామాయణంలో లేవా మీ ఖురానులో లేవా అని ఎవడైనా పక్కదారి పట్టిస్తే వాడి వెనకాల వెళ్లకు, అది తెల్లారేదాకా తెగదు, నీ వ్యాసం బైబిలు గురించి.

ఇప్పుడు పని చెప్తాను. అరవై మూడూ తీసి పక్కన పెట్టు. జనాభా లెక్క, పుట్టుక, పౌలు యాకోబు, ఈ మూడే ఉంచు. మూడింటికీ మొత్తం అధ్యాయాలు చదువు, వచనం ఒక్కటీ పీకి తేకు. ఫోన్లో ఇంగ్లీషుది కాదు, మన ఇళ్లలో ఉండే తెలుగు బైబిలే చదువు, నీ పాఠకులు సరిచూసుకునేది అందులోనే. వచనం అంకెలు నువ్వు చదువుతుంటే ఇంకొకరు పుస్తకంలో చూడాలి, ప్రూఫులు దిద్దినట్టు. మీ పాస్టర్ గారిని కలిసి ఈ మూడూ అడిగి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకురా, ఆయనకు కోపమొస్తే కోపమొచ్చిందని రాయి. నేను ఆ మాస్టారిని అడగనిది కూడా ఆయన్నే అడుగు.

రాసింది తీసుకుని వచ్చే ఆదివారం మా ఇంటికి రా, సాయంత్రమే రా, పొద్దున మీ అమ్మమ్మని చర్చికి తీసుకెళ్లేది నువ్వే గదా.