షుగర్ ఉన్న పిల్లికి ఇంట్లోనే రక్తం చూడటం తప్పనిసరా?

మీ పిల్లికి షుగర్ అని తేలి, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంట్లో చెవి నుంచి రక్తం తీసి చూసుకోమని డాక్టర్ చెప్పారు, మీకేమో సూది పట్టుకుంటే చేతులు ఆడటం లేదు. నెలకోసారి క్లినిక్‌లో చూపిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండి. మా పిల్లికి కూడా ఇదే జబ్బు వచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

పిల్లికి భయం వేస్తే చాలు, రక్తంలో షుగర్ పెరుగుతుంది. బుట్టలో పెట్టడం, ప్రయాణం, క్లినిక్‌లో కుక్కల అరుపులు, కొత్త మనుషుల చేతులు, ఇవన్నీ కలిస్తే షుగర్ జబ్బే లేని పిల్లికి కూడా 300 దాటవచ్చు. మా వాడికి క్లినిక్‌లో ఎప్పుడు చూసినా 400 పైమాటే. ఇంట్లో అదే వేళకు తీస్తే 250 దగ్గర ఉండేది. క్లినిక్ అంకె ఒక్కటే చూసి డోసు పెంచుకుంటూ పోతే, ఇంటికి వచ్చి నెమ్మదించిన పిల్లికి ఆ డోసు ఎక్కువైపోతుంది.

దీనికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. కొన్ని పిల్లుల్లో, ముఖ్యంగా వైద్యం తొందరగా మొదలై, పిండిపదార్థం తక్కువ ఉన్న తిండి పెడుతున్నప్పుడు, ఒంట్లో ఇన్సులిన్ మళ్లీ తయారవడం మొదలవుతుంది. మంచి విషయమే. కానీ నిన్నటిదాకా సరిపోయిన డోసు అప్పటి నుంచి ప్రమాదమవుతుంది. పిల్లిని చూసి ఈ మార్పు కనిపెట్టడం కష్టం. ఒక సాయంత్రం మావాడు ఎప్పటిలాగే తిన్నాడు, ఒళ్లు నాక్కుంటూ కూర్చున్నాడు. ఇంజెక్షన్‌కు ముందు చూస్తే 96. చేతులు కడుక్కుని కొత్త స్ట్రిప్‌తో మళ్లీ తీశాను, 101. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆ పూట ఇన్సులిన్ ఆపేయమన్నారు. తర్వాత డోసు సగానికి తగ్గించారు, చివరికి పూర్తిగా మాన్పించారు. ఆ సాయంత్రం చూడకుండా ఎప్పటి డోసే ఇచ్చి పడుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా నాకు మనసు రాదు. అందుకే నన్నడిగితే రోజంతా గీసే గ్రాఫుల కన్నా, ప్రతి ఇంజెక్షన్‌కు ముందు తీసే ఆ ఒక్క రీడింగ్ ముఖ్యం.

ఇక చెవి సంగతి. చెవి బయటి అంచు వెంబడి సన్నని రక్తనాళం ఒకటి పోతుంది, వెనక నుంచి టార్చ్ వేస్తే చక్కగా కనిపిస్తుంది. గుచ్చాల్సింది ఆ నాళాన్ని కాదు, దానికీ చెవి అంచుకూ మధ్య ఉన్న పలచని చర్మాన్ని. అక్కడ నొప్పి చాలా తక్కువ. ముందు చెవి వెచ్చబడాలి, చల్లని చెవి నుంచి చుక్క రాదు. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డను చిన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మణికట్టు మీద వేడి చూసుకుని, చెవికి ఆనించి ఉంచండి. కవర్ ఎందుకంటే చెవి తడవకూడదు, తడి తగిలితే రక్తం పలచబడి రీడింగ్ తేడా వస్తుంది. తర్వాత వాజ్‌లైన్ కొద్దిగా, కనీకనిపించనంత రాయండి. రక్తం వెంట్రుకల్లోకి పాకిపోకుండా గుండ్రంగా నిలుస్తుంది. చెవి వెనక దూది మడిచి పెట్టుకుంటే సూది మీ వేలికి దిగదు.

లాన్సెట్ (గుచ్చే చిన్న సూది) పెట్టి వాడే పెన్‌కు వచ్చే టిక్కుమనే చప్పుడుకే చాలా పిల్లులు ఉలిక్కిపడతాయి. మావాడూ అంతే. లాన్సెట్‌ను నేరుగా చేత్తో పట్టుకుని చటుక్కున గుచ్చడమే నాకు తేలికైంది. భయంభయంగా నెమ్మదిగా నొక్కితేనే వాళ్లకు ఎక్కువ నొప్పి. మొదట్లో మరీ సన్న సూది కొనకండి, 28 గేజ్‌తో మొదలుపెట్టండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ సూది లావు). కొన్నాళ్లకు ఆ చోట రక్తం తేలిగ్గా వస్తుంది, అప్పుడు సన్నదానికి మారొచ్చు. ఆవగింజ కన్నా చిన్న చుక్క చాలు. స్ట్రిప్ అంచును చుక్కకు తాకిస్తే అదే పీల్చుకుంటుంది, పైన వేసి రుద్దకూడదు. తర్వాత దూదితో కాసేపు అదిమి పట్టుకుంటే చెవి కమిలిపోదు.

రక్తం వచ్చినా రాకపోయినా తినడానికి ఇష్టమైనది ఒక ముక్క పెట్టండి. ఇందులో మాత్రం పిసినారితనం వద్దు. ఏది పెట్టవచ్చో డాక్టర్‌ను అడిగి ఉంచుకోండి. మొదటి కొన్ని రోజులు అసలు గుచ్చకుండా, అదే చోట, అదే వేళకు కూర్చోబెట్టి, చెవి పట్టుకుని, ముక్క పెట్టి వదిలేయండి. మావాడు చివరికి మీటర్ పెట్టె మూత చప్పుడు వింటే తనే వచ్చి కూర్చునేవాడు. రెండుసార్లు గుచ్చినా రాకపోతే కాసేపు వదిలేయండి. మంచం కిందికి దూరిన పిల్లిని వెంటాడి పట్టుకుంటే, రేపటి నుంచి మిమ్మల్ని చూస్తేనే పారిపోతుంది. చెవి అసలు ముట్టుకోనివ్వకపోతే పాదం కింది మెత్తటి భాగం నుంచి కూడా తీయొచ్చు.

మీటర్ విషయంలో ఒక మాట. మనుషుల రక్తంలో గ్లూకోజ్ కొంత భాగం ఎర్ర కణాల్లో కూడా ఉంటుంది, పిల్లుల్లో దాదాపు అంతా ప్లాస్మాలోనే (రక్తంలోని ద్రవభాగం). అందువల్ల మనుషుల మీటర్లు పిల్లి షుగర్‌ను సాధారణంగా అసలుకన్నా తక్కువగా చూపిస్తాయి. ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటర్ దొరికితే అదే మేలు, అయితే దాన్ని పిల్లికి సెట్ చేశారా, కుక్కకు సెట్ చేశారా చూసుకోండి. ఏది వాడినా మధ్యలో మార్చకండి, ఏ మీటరో డాక్టర్‌కు చెప్పండి. మనుషుల కోసం చేసే మంచి మీటర్లకు కూడా 100 పైన 15 శాతం అటూఇటూ తేడా ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంటే నిన్న 280, ఇవాళ 310 వస్తే పెరిగిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి రోజంతా మామూలు పిల్లిలా ఉండాలని ఎవరూ ఆశించరు. రోజులో అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు 80 నుంచి 150 మధ్య ఉండి, మిగతా సమయంలో ఎక్కువభాగం 300 లోపు ఉంటే చాలామంది డాక్టర్లు సంతోషిస్తారు. సుమారు 250-300 దాటితేనే మూత్రంలోకి షుగర్ పోవడం, అతిదాహం, ఇసుక ట్రేలో మూత్రంతో తడిసిన పెద్దపెద్ద ముద్దలు. ఒక్క పూట ఎక్కువ వచ్చిందని డోసు మీ అంతట మీరు పెంచకండి. డోసు మార్చాల్సి వస్తే డాక్టర్ కర్వ్ అడుగుతారు: ఇంజెక్షన్‌కు ముందు ఒకసారి, అక్కడి నుంచి తర్వాతి ఇంజెక్షన్ దాకా రెండేసి గంటలకోసారి. సెలవు రోజు పెట్టుకుంటే ఇంట్లోనే అయిపోతుంది. ఎంతకన్నా తక్కువ వస్తే ఇన్సులిన్ ఇవ్వకుండా ఫోన్ చేయాలో ఆ అంకెను ఇవాళే డాక్టర్‌తో రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి.

సుమారు 60 కన్నా కిందికి పోతే అది అత్యవసరం. తూలడం, వణుకు, విపరీతమైన ఆకలి, అయోమయంగా చూడటం, చివరికి ఫిట్స్. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి, తినకపోతే తేనె గానీ గ్లూకోజ్ పాకం గానీ చిగుళ్లకు రాయండి. ఫిట్స్ వస్తున్నప్పుడు వేలు నోట్లోకి పోనివ్వకండి. కాస్త కోలుకున్నట్టు కనిపించినా క్లినిక్‌కు తీసుకెళ్లాల్సిందే. దీనికి వ్యతిరేకంగా, షుగర్ ఎక్కువగా ఉండి తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) తయారవుతున్నాయేమో అని అనుమానించాలి. మూత్రం చూసే స్ట్రిప్పులు ఇంట్లో ఉంచుకోండి, కానీ ఆ స్థితిలో ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లడమే మంచిది.

మీటర్‌కు సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను: ఇన్సులిన్ యు-40 (మి.లీ.కు 40 యూనిట్లు) అయితే సిరంజి కూడా యు-40, యు-100 అయితే యు-100. ఇవి కలగాపులగం అయితే ఒక్క ఇంజెక్షన్‌లోనే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

సూది నిజంగా మీ వల్ల కాకపోతే, షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండే లిబ్రే లాంటి సెన్సర్ పెట్టమని డాక్టర్‌ను అడగండి. ఒంటి మీద కొంచెం వెంట్రుకలు తీసి అంటిస్తారు, 14 రోజుల దాకా పనిచేసేలా తయారైంది. పిల్లుల మీద అంతకన్నా ముందే ఊడిపోవడం మామూలే. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని, కాబట్టి కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. బాగా తక్కువ చూపిస్తే చెవి రక్తంతో సరిచూసుకోవాలి. అయినా రాత్రిపూట ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి దాన్ని మించింది నాకు కనిపించలేదు.

నెలకోసారి క్లినిక్‌కు వెళ్లడం మాత్రం మానకండి. బరువు చూస్తారు, ఫ్రక్టోసమైన్ పరీక్ష చేస్తే గడిచిన ఒకటి రెండు వారాల సగటు తెలుస్తుంది, అది ఆ పూట భయానికి మారదు. వెళ్లేటప్పుడు టైము, రీడింగ్, ఇచ్చిన డోసు, ఎంత తిన్నది రాసిన నోట్‌బుక్ తీసుకెళ్లండి. మా డాక్టర్ డోసు గురించి ఏం చెప్పినా ముందు ఆ పేజీలు తిరగేసి చూశాకే చెప్పేవారు.