గురకకు వ్యాయామాలు సరే, ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: నా వయసు 46, బరువు 92 కిలోలు. గురక బాగా ఎక్కువ. మధ్యమధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నానని మా ఆవిడ అంటోంది. పగలు ఆఫీసులో తూగుతున్నాను. రాత్రి నిద్ర సరిగా పట్టక నాలుగు నెలలుగా అల్‌ప్రజోలమ్ 0.5 వేసుకుంటున్నాను. గొంతు కండరాలు వదులైతే గురక వస్తుందని చదివాను. వాటిని గట్టిపరిచే వ్యాయామాలు చెప్పగలరా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చదివింది నిజమే, కానీ అది సగమే. ముక్కుకు ఎముక, శ్వాసనాళానికి మృదులాస్థి వలయాలు దన్నుగా ఉంటాయి. మధ్యలో, కొండనాలుక వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొట్టానికి అలాంటి దన్ను లేదు. మెత్తటి స్ట్రాతో గట్టిగా పీలిస్తే అది అతుక్కుపోతుంది కదా, ఇదీ అంతే. దాన్ని తెరిచి పట్టుకునేవి కండరాలే. అందులో ముఖ్యమైనది గడ్డం ఎముక లోపలి నుంచి నాలుకలోకి విసనకర్రలా పరుచుకున్న జీనియోగ్లాసస్. గాలి పీల్చడానికి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కిందుండే శ్వాస కండరం) కదిలేలోపే ఇది బిగిసి నాలుకను ముందుకు లాగుతుంది. నిద్రలో ఆ బిగువు తగ్గుతుంది, కలలొచ్చే దశలో మరీ. మెడ చుట్టూ కొవ్వు ఉంటే దారి ముందే ఇరుకు.

మరి ఆ మాత్ర ఎవరు రాశారో మీరు చెప్పలేదు. నాకు అనుమానం అక్కడే. అల్‌ప్రజోలమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకంపై కట్టడి ఉన్నది; డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కొందరిలో ఇలాంటి మాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. ఊపిరి ఆగినప్పుడు మెదడు మిమ్మల్ని లేపడమూ ఆలస్యం కావచ్చు. రాత్రిపూట మద్యం కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నిద్ర చెడగొడుతున్నది ఊపిరి ఆగడమే అయితే, మీరు వేసుకుంటున్నది తప్పు మందు. అలాగని ఈ రాత్రే మానేయకండి. నాలుగు నెలల అలవాటును ఒక్కసారి ఆపితే వణుకు, ఆందోళన, అరుదుగా ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మీకున్నది స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) అని ఉత్తరం చూసి తేల్చలేను గానీ, లక్షణాలు అటే చూపిస్తున్నాయి. మీ ఆవిడ చేత ఫోన్‌లో వీడియో తీయించండి. ఛాతీ కదులుతున్నా గురక శబ్దం ఆగిపోయి, పది సెకన్లో ఇంకా ఎక్కువో అయ్యాక గుర్రుమని మొదలవుతుందేమో గమనించండి. ఆ వీడియోతో ఊపిరితిత్తుల డాక్టర్‌నో, ఈఎన్‌టీ డాక్టర్‌నో కలవండి. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి తీరును కొలిచే పరీక్ష, రాస్తారు. బీపీ, షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. సమస్య తీవ్రంగా ఉంటే సాధారణంగా సీప్యాప్ అనే మాస్కు యంత్రం పెట్టుకోమంటారు. అది గాలి ఒత్తిడితో దారి మూసుకోకుండా చూస్తుంది.

ఈలోగా వెల్లకిలా పడుకోకండి, పక్కకు తిరిగి పడుకోండి. తూగుతూ బండి మాత్రం నడపొద్దు. నాలుక వ్యాయామాలు తేలికపాటి కేసుల్లో, నెలల తరబడి చేస్తే కొంత పని చేస్తాయి. వాటి సంగతి రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం.